పన్ను మీద పన్ను

శుక్ర మూఢం వచ్చిందంటే మా వైపు ఏడ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. కల్యాణ మండపాల వాళ్ళు, వంటవాళ్ళు, బ్యాండు మేళం వాళ్ళు, పూలవాళ్ళు, వీళ్ళందరికంటే ముందు ఫోటోగ్రాఫర్లు. ముహూర్తాలు లేకపోతే పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేకపోతే వాళ్ళకి పని లేదు. అట్లాంటి మూఢం ఎప్పుడొస్తుందా అని గోడమీద క్యాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కేసిన మనిషి జగ్గయ్యపేట మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు చెన్నకేశవరావు. మెయిన్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ఆయనదే. ఇప్పుడు కొడుకు నాగసాయి కూర్చుంటున్నాడు గానీ, బోర్డు మీద పేరు ఇంకా ఈయనదే ఉంది.

కొట్టు కొడుక్కి అప్పజెప్పాక పొద్దుపోక, ఫోన్లో ఫోటోలు తియ్యటం మొదలుపెట్టాడు. మొదట్లో తెల్లారే సూర్యుడు, తర్వాత కొంగలు, ఆ తర్వాత ముక్త్యాల రోడ్డు మీద బారులు తీరిన సిమెంటు లారీలు. ప్రతిదాని కిందా "శుభోదయం" అని రాసి బంధువుల గ్రూపుల్లో పెట్టేవాడు. చూసినవాళ్ళు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పడేసి ఊరుకునేవాళ్ళు. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకునేవాడు. "అరవై దగ్గరపడ్డాక అ ఆలు దిద్దుతున్నారు మా ఆయన," అని ఇంటావిడ ఆండాళమ్మ వచ్చినవాళ్ళ దగ్గరల్లా అనేది. అన్నా అనకపోయినా, చెప్పొద్దూ, మూడేళ్ళలో చెయ్యి కాస్త కుదిరింది. ఎండ ఏ వైపు నుంచి పడితే మొహానికి బాగుంటుందో తెలిసింది. తెలిసి ఏం లాభం, ఎవరి మొహం తియ్యాలని ఆశో ఆ మొహం మాత్రం దొరకలేదు.

ఆండాళమ్మకి పై వరసలో ఎడమ పక్క పన్ను మీద పన్ను ఉంది. పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమంటారు మనవాళ్ళు. ఆవిడకి ఏం అదృష్టం పట్టిందో నాకు తెలియదు గానీ, ఆ నవ్వు చూసినవాళ్ళకి మాత్రం పట్టేది. ముందు ఆ పన్ను బయటికొచ్చేది, మిగతా మొహమంతా దాని వెనకాల వచ్చేది. ఇదంతా పెళ్ళయిన కొత్తలో మాట. తర్వాత ఆ నవ్వు ఎవరికీ కనపడలేదు. నవ్వొస్తే చాలు, కుడిచెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వెళ్ళేది. కుడిచేతిలో గరిటె ఉంటే ఎడమచెయ్యి లేచేది.

ఇది ఎన్నాళ్ళుగా జరుగుతోందో కేశవరావు ఎప్పుడూ పట్టించుకోలేదు. మగాళ్ళు ఇంట్లో బిందెకి సొట్ట పడితే చూస్తారు గానీ ఇట్లాంటివి చూడరు. కిందటేడు ఓ మధ్యాహ్నం ఫోను నిండిపోయిందని పాత ఫోటోలు తీసేస్తూ కూర్చుంటే అప్పుడు కనపడింది. మనవడి అన్నప్రాసన, చెయ్యి. నాగసాయి గృహప్రవేశం, చెయ్యి. వేదాద్రిలో ఏట్లో స్నానం చేసి మెట్లమీద నిలబడింది, చెయ్యి. మూడొందల పైచిలుకు ఫోటోల్లో ఆవిడ నోరు ఒక్కదాంట్లోనూ లేదు. ఏమిటి చెప్మా అని వెనక్కి ఆలోచించుకుంటూ వెళ్తే, వెళ్ళి వెళ్ళి తన నోటి దగ్గరే ఆగింది.

పెళ్ళయిన రెండో ఏడు. అప్పట్లో అమ్మకం పన్ను మీద సర్‌చార్జీ అని ఇంకోటి వేసారు. ఆ సంగతి చెప్పటానికి ఆఫీసరు కొట్టుకొచ్చి కూర్చున్నాడు. పక్క కొట్ల వాళ్ళంతా చేరి, "పన్ను మీద పన్ను వేస్తే మేమెట్లా బతకాలండీ," అని మొత్తుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఆండాళమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. కేశవరావుకి ఇరవై ఏడేళ్ళు, నాలిక మీద దురద. "మాకేం కొత్త కాదులెండి, పన్ను మీద పన్ను మా ఇంటికి పెళ్ళినాడే వచ్చింది. కావాలంటే చూడండి," అని పెళ్ళాం వైపు చెయ్యి చూపించాడు. కొట్టు కొట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆఫీసరుకి పొలమారింది. ఆండాళమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఖాళీ గ్లాసులు లోపలికి తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆ చెయ్యి దించలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఈ మాట పృథివి దాటకపోయినా పేట బజారంతా తిరిగింది. వ్యాట్ వచ్చినప్పుడు ఎవడో గుర్తుచేసాడు, జీఎస్టీ వచ్చినప్పుడు ఇంకెవడో గుర్తుచేసాడు. ప్రతిసారీ కేశవరావు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఫోన్లో ఆ మూడొందల చేతులూ చూసిన రోజున మాత్రం ఆయనకి అన్నం సహించలేదు. ఏమైందని ఆవిడ అడిగితే మజ్జిగ పుల్లగా ఉన్నాయని చెప్పాడు. అప్పట్నించీ ఆ మనిషికి ఒకటే కోరిక. ఆ నవ్వు, చెయ్యి అడ్డం లేకుండా, ఒక్కసారి ఫోటోలో పట్టుకోవాలి. పట్టుకుని ఆవిడ చేతికే ఇవ్వాలి. నోటితో చెప్పలేనిదేదో ఆ కాయితం చెప్పేస్తుందని ఆయన నమ్మకం.

ఏడాది పాటు తిప్పలు పడ్డాడు. ఫోను జేబులోంచి తీసేలోపు ఆవిడ చెయ్యి లేచేది. దూరం నుంచి తీస్తే మొహం అలుక్కుపోయినట్టు వచ్చేది. ఇంతలో ఆవిడకి చిగుళ్ళు వదిలేసి ముందు పళ్ళు కదలటం మొదలుపెట్టాయి. నందిగామలో పళ్ళ డాక్టరు చూసి, ఆరు పళ్ళూ తీసేసి సెట్టు పెట్టాల్సిందేనన్నాడు. ఆ ఆరింట్లో పన్ను మీద పన్ను కూడా ఉంది.

ఆండాళమ్మ లెక్క ఆండాళమ్మకి ఉంది. "మూఢంలో తీయించుకుంటా," అంది. "అప్పుడైతే ఎవరింట్లో ఏ ఫంక్షనూ ఉండదు, బోసినోటితో నలుగురిలోకీ వెళ్ళే పని లేదు. మూఢం వెళ్ళగానే మా కృష్ణప్రియ పెళ్ళి. అప్పటికి కొత్త పళ్ళతో తయారవుతా." కృష్ణప్రియ ఆవిడ అన్నగారి మనవరాలు. అంతటితో ఆగితే బాగుండేది. "ఎంచక్కా వరసగా ఉంటాయిట. ఇక చెయ్యి అడ్డం పెట్టుకునే బాధ వదులుతుంది," అని కూడా అంది. కేశవరావు చెయ్యి కడుక్కుని లేచి, గోడమీద క్యాలెండరు దగ్గరికెళ్ళి మూఢం ఎప్పుడో చూసాడు.

గురువారం పదకొండింటికి డాక్టరు రమ్మన్నాడు. ఈయన మంగళవారం పొద్దున్నే నందిగామ బస్సెక్కాడు.

నందిగామలో గాంధీ సెంటరుకి దగ్గర్లో రాంబాబుకి ఫోటో స్టూడియో ఉంది. రాంబాబూ, కేశవరావూ డిగ్రీ కలిసి చదివారు. రాంబాబు వాళ్ళది వీరులపాడు పక్క వ్యవసాయం. పొలం కౌలుకిచ్చి స్టూడియో పెట్టాడు, పెట్టిన చోట నిలదొక్కుకున్నాడు. వాడి దగ్గరున్న పెద్ద కెమెరా చుట్టుపక్కల నాలుగు మండలాల్లో లేదని వాడే చెప్తాడు. దాన్ని ఎవరికీ ఇవ్వడు. పెళ్ళాన్నైనా నెలరోజులు పుట్టింటికి పంపుతాడు గానీ కెమెరాని గడప దాటనివ్వడని స్నేహితులంతా వేళాకోళం చేస్తుంటారు. కేశవరావు అడగ్గా అడగ్గా, "మూఢంలో చూద్దాంలేరా, అప్పుడు దానికీ నాకూ పనుండదు," అన్నాడు ఎప్పుడో. ఆ ఒక్క మాట పట్టుకునే ఈయన క్యాలెండరు ముందు నిలబడింది.

"దేనికిరా ఇంత పెద్దది? కొంగలకా?" అన్నాడు రాంబాబు.

"ఆఁ, కొంగలకే," అన్నాడు కేశవరావు. అరవై ఏళ్ళ మనిషి, పెళ్ళాం నవ్వు ఫోటో తీసుకోవాలిరా అని ఏ మొహంతో చెప్తాడు.

రాంబాబు సంచీలోంచి కెమెరా బయటికి తీసి, మోచెయ్యంత పొడుగున్న లెన్సు దానికి బిగించి, చంటిపిల్లని చేతికిచ్చినట్టు ఇచ్చాడు. "అన్నీ నేను సరిచేసి పెట్టా. ఇది సగం నొక్కితే మొహం తేటగా కుదురుద్ది. పూర్తిగా నొక్కితే ఫోటో పడుద్ది. నొక్కి పట్టుకుంటే వరసగా పడతానే ఉంటాయి. మిగతా బటన్ల జోలికి మాత్రం వెళ్ళమాక. తీసినవి చూసుకుందామని కూడా ఏదీ నొక్కమాక, చెరిగిపోయినా పోతాయి. నా దగ్గరికి తీసుకురా, నేను చూపిస్తా."

"నిండిపోదా?"

"నవీన్‌బాబు నీకోసం అంతా ఖాళీ చేసి పెట్టాడు. వెయ్యి కొట్టుకో, రెండు వేలు కొట్టుకో." నవీన్‌బాబు స్టూడియోలో ఆల్బములు తయారుచేసే కుర్రాడు. పేరు వినపడగానే కంప్యూటరు వెనకాల నుంచి తలెత్తి, "ఖాళీ చేసేసానండీ," అన్నాడు.

కేశవరావు వీధిలోకి గురిపెట్టి ఒకటి నొక్కి చూసాడు. ఎదురు డాబా మీద ఆరేసిన తువ్వాలు నూలుపోగులతో సహా తెరమీదికొచ్చింది, రెండు క్షణాలుండి వెళ్ళిపోయింది. ఆ మూల ఎక్కడో ఇంగ్లీషులో డెమో అని చిన్న అక్షరాలున్నాయి. ఆయనకి కళ్ళు చెమర్చినంత పనైంది. కొత్తవాణ్ణని రాంబాబు నేర్చుకునేవాళ్ళ పద్ధతిలో పెట్టిచ్చాడు పాపం, అనుకున్నాడు. అనుకోడూ మరి? కంపెనీవాళ్ళు కొత్త కుక్కరు తెచ్చి, కొట్టు ముందు బల్ల వేసి, ఇట్లా మూత పెట్టండి, ఇట్లా తియ్యండి అని ఆడవాళ్ళకి నేర్పించటాన్ని డెమో అనే అంటారు. ముప్పై అయిదేళ్ళుగా ఆయనకి తెలిసిన డెమో అదే.

బుధవారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక ఆండాళమ్మ డాబా మీద ఎండలో చాప వేసుకుని కందికాయలు ఒలుస్తోంది. ఎదురుగా పక్కింటి కృపావతి కూర్చుంది. ఆవిడ రిటైరైన నర్సు, మాట కాస్త పెడసరం, మనసు మంచిది. పది గజాల అవతల నీళ్ళ ట్యాంకు ఉంది. కేశవరావు ఆ ట్యాంకు వెనకాల నక్కాడు. కొడుకు పాత స్టూలు ఒకటి వేసుకుని, లుంగీ ఎగదోసి, కెమెరా కంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఆ అద్దంలోంచి చూస్తే ఆండాళమ్మ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. ఎన్నేళ్ళయింది ఆవిణ్ణి అంత దగ్గర్నించి, అంతసేపు చూసి. చెవి పక్కన వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. కనుబొమల మధ్య నిలువుగా ఒక గీత పడింది, అది ఎప్పుడు పడిందో ఆయనకి తెలియదు. ఒక కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని, నములుదామని చూసి, నొప్పి పుట్టి బుగ్గ పట్టుకుంది. వెళ్ళి పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ నీతో ఏ కబురూ చెప్పలేదే అందామనిపించింది. కెమెరా పట్టుకున్న చెయ్యి మాత్రం దించలేదు.

అరగంట కూర్చున్నాడు. ఆవిడ పెద్దగా నవ్వలేదు. నవ్వినా, కాయ పక్కన పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. ఎండ వాలుతోంది. ఒలవటం అయిపోయి, ఆండాళమ్మ గింజలన్నీ చేటలో పోసుకుని, రెండు చేతులా ఎత్తి చెరగటం మొదలుపెట్టింది. అప్పుడు కృపావతి ట్యాంకు వైపు చూసి, ఏమీ ఎరగనట్టు అంది.

"వదినగారూ, ఆ ట్యాంకు పక్కనించి ఒక పొట్ట బయటికొచ్చి కనపడుతోందండీ. మీ ఇంటిదేనేమో చూసుకోండి."

ఆండాళమ్మ తిరిగి చూసింది. సగం పొట్ట, లుంగీ అంచు, దాని పైన బొంగులాంటి లెన్సు. చేట నిండా గింజలు. వదిలితే నేలపాలు. చెయ్యి లేవటానికి లేకపోయింది. ఆవిడకి నవ్వాగలేదు. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూతలు పడేట్టు, నోరంతా తెరిచి, ముప్పై మూడేళ్ళ కిందట కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన పిల్ల నవ్వినట్టు నవ్వింది.

కేశవరావు వేలు నొక్కి పట్టుకున్నాడు. కెమెరా టకటకా కొట్టుకుంది. వేలు తీసాక ఆఖరిది తెరమీదికొచ్చింది. వచ్చి, రెండు క్షణాలుంది. ఆ రెండు క్షణాలూ ఆయన రెప్ప వెయ్యలేదు.

"తీసేసారా ఏంటి?" అంది ఆండాళమ్మ. చేట దించేసింది, చెయ్యి నోటికి వెళ్ళిపోయింది.

"తీసా."

"ఎట్లా వచ్చా?"

"బానే వచ్చిందిలే," అన్నాడు. "ప్రింటేయించి ఇస్తా, నువ్వే చూసుకో."

"మీరెప్పుడు చెప్పారు గనక," అంది ఆవిడ. కోపంగా అనలేదు. చాప దులుపుకుంటూ, రోజూ అనే మాటలాగే అంది. కృపావతి ఆయన వైపు ఒక చూపు చూసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆండాళమ్మ, సొంత పళ్ళతో ఇవే ఆఖరంటూ జంతికలు వండింది. రెండు మాత్రం నానబెట్టుకున్నట్టు నోట్లో ఉంచుకుని తింది, మిగతావి మనవడికి పెట్టింది. కేశవరావు కెమెరా సంచీని బీరువాలో పెట్టి తాళం వేసాడు. ప్రింటు ఎంత సైజు వేయించాలి, ఫ్రేము కట్టించాలా, నాగసాయి ముందు ఇవ్వాలా, ఇద్దరే ఉన్నప్పుడు ఇవ్వాలా అని మంచం మీద పడుకుని ఆలోచించుకున్నాడు. ఇద్దరే ఉన్నప్పుడు ఇవ్వాలని తేల్చుకున్నాక నిద్రపట్టింది.

గురువారం బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. చిల్లకల్లు టోల్‌గేటు దాటాక, "నొప్పి పుడుతుందంటారా?" అని అడిగింది. మత్తు ఇస్తారు, తెలియదు అని చెప్పాడు. ఆవిడ నాలికతో ఆ పన్నుని లోపల్నుంచి తడుముకుంటోంది, బుగ్గ మీద తెలుస్తోంది. ఈయన సంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాడు. పోతే పోయింది, నా దగ్గరుంది అనుకున్నాడు.

పదకొండున్నరకి నర్సు వచ్చి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళింది. గంట పడుతుందంది. కేశవరావు ఒక్క అంగలో బయటపడి, రెండు వీధులవతల ఉన్న స్టూడియోకి చేరాడు.

"దొరికినయ్యా కొంగలు?" అన్నాడు రాంబాబు.

"కొంగలు కాదురా," అన్నాడు కేశవరావు. ఇక దాచలేకపోయాడు. "మీ చెల్లెమ్మని తీసా. నవ్వుతుంటే తీసా. పెద్ద ప్రింటు కావాలి, ఇవాళే కావాలి."

రాంబాబు వేళాకోళం ఆపి ఒకసారి స్నేహితుడి మొహం చూసాడు. కెమెరా తీసుకుని పక్కనున్న చిన్న మూత తెరిచాడు. లోపల మెమరీ కార్డులు పెట్టే సందులు రెండున్నాయి. రెంటిలోనూ ఏమీ లేదు.

"కార్డులేవిరా?" అన్నాడు.

"ఏ కార్డులు?" అన్నాడు కేశవరావు.

నవీన్‌బాబు లేచొచ్చాడు. "అవి నా సొరుగులో ఉన్నాయండీ. కెమెరా ఖాళీ చేసి పెట్టమన్నారుగా, తీసేసి భద్రంగా దాచా."

"ఖాళీ చెయ్యమంటే కార్డుల్లో ఉన్నవి చెరిపెయ్యమనిరా. కార్డులే పీకెయ్యమనా?"

"కెమెరా ఖాళీ అంటే మరి కెమెరాలో ఏమీ ఉండకూడదనుకున్నానండీ. ఆయన సొంత కార్డు తెచ్చుకుంటారనుకున్నా." కుర్రాడి మొహం పాలిపోయింది. వాడు మాత్రం ఏం చేస్తాడు, చెప్పిన మాట చెప్పినట్టే చేసాడు.

"తెరమీద కనపడ్డాయిరా," అన్నాడు కేశవరావు. "నేను చూసా. నా కళ్ళతో చూసా."

"కార్డు లేకపోయినా చూపిస్తదిరా అది. చూపించి వదిలేస్తది, దాచుకోదు. మూలన డెమో అని పడలా?"

పడింది. పడినప్పుడల్లా స్నేహితుడి మంచితనం తల్చుకున్నాడు. కేశవరావు గడియారం వైపు చూసాడు. పన్నెండు కావస్తోంది. ఇంకా సూదే వేసి ఉంటారు, తీసి ఉండరు. "కార్డు వెయ్యరా," అన్నాడు. "వెయ్యి, తొందరగా వెయ్యి." నవీన్‌బాబు సొరుగులోంచి తెచ్చి పెట్టాడు. ఈయన ఆ బరువంతా మెళ్ళో వేసుకుని వీధిలోకి ఉరికాడు. అరవై ఏళ్ళ షావుకారు, లాల్చీ ఎగురుతుంటే, మెళ్ళో బొంగులాంటి లెన్సు పొట్టకి కొట్టుకుంటుంటే, మిట్టమధ్యాహ్నం నందిగామ వీధిలో పరుగు. జనం దారిచ్చి చూసారు. డాక్టరు కాళ్ళైనా పట్టుకుని ఆపుదాం, ఒక్క అయిదు నిమిషాలు ఆపమందాం, ఆవిణ్ణి ఎట్లాగో నవ్విద్దాం అనుకుంటూ పరిగెత్తాడు.

ఆండాళమ్మ బయట బల్లమీద కూర్చుని ఉంది. పై పెదవి లోపలికి పోయింది, బుగ్గలు వాచాయి. నోట్లో దూది, దాని మీద మడత పెట్టిన చేతిరుమాలు. అంతా అరగంటలోనే అయిపోయిందని, ఇంకో గంట మాట్లాడొద్దన్నారని నర్సు చెప్పింది. పళ్ళు ఊగిపోతున్నాయిట, ఒక్కోటి ముట్టుకుంటే వచ్చేసిందిట.

కేశవరావు ఆయాసపడుతూ పక్కన కూలబడ్డాడు. ఆండాళమ్మ ఆయన చెమటలు చూసింది, మెళ్ళో కెమెరా చూసింది. కనుబొమలెగరేసి, వేలితో చిన్న చదరం గీసి చూపించింది. ఫోటో ఏదీ అని.

వారం రోజులు పడుతుందిట అని అబద్ధం చెప్పొచ్చు. చెప్పటానికి నోరు కూడా తెరిచాడు. ఆ వాచిన మొహం చూస్తూ చెప్పలేకపోయాడు.

"లేదే," అన్నాడు. "అందులో కార్డు లేదుట. నేను తీసినవేవీ పడలేదుట. ఒక్కటీ లేదు."

ఆండాళమ్మ పోన్లెండి అన్నట్టు అరచెయ్యి తిప్పింది. అంతకంటే ఏమీ లేదు. రోడ్డు వైపు తిరిగి, బస్సు వేళయిందేమో అన్నట్టు చూసింది. ఆ అరచెయ్యి తిప్పటం చూసాక ఈ మనిషికి ఇక ఆగలేదు.

"నేను చూసానే," అన్నాడు. "రెండు క్షణాలు ఉంది, నేను చూసా. చెప్తా విను. నిన్న అడిగావుగా ఎట్లా వచ్చా అని. ఎండ నీ ఎడమ పక్కనించి పడింది. చెవి దగ్గర తెల్లవెంట్రుకలు వెండిజరీలా మెరిసాయి. బుగ్గ మీద కందిపొట్టు అంటుకుని ఉంది, నీకు తెలియదు. కళ్ళు రెండూ మూసుకుపోయినయ్. ముందు ఆ పన్ను వచ్చింది. దాని వెనకాల నువ్వొచ్చావ్. ముప్పై మూడేళ్ళయిందే అది చూసి. ఎంత బాగున్నావో నీకు తెలియదు."

ఆండాళమ్మ రోడ్డు వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఆ రోజు ఆ ఆఫీసరు ముందు అన్నానే, ఆ మాట," అన్నాడు. ఇంత పొడుగు మాట జన్మలో ఆయన ఆవిడతో మాట్లాడి ఉండడు. "అది నాకు నచ్చకపోతే అంటానా? నువ్వు లోపల్నుంచి నవ్వుతూ వస్తుంటే నాకు గుండె ఆగినంత పనయింది. నలుగురున్నారు. ఏం చెయ్యాలో తెలియక అట్లా వాగా. వాళ్ళు నవ్వారు కదాని నేనూ నవ్వా. బాగుందే అని ఒక్కమాట చెప్పటం చేతకాక, జన్మంతా నీ నోటికి నేనే చెయ్యి అడ్డం పెట్టా. ఇవాళ అవి పోయాక చెప్తున్నా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం అంటే ఇదే. అయినా చెప్తున్నా. నాకు నచ్చిందే. మొదటి రోజు నుంచీ నచ్చింది."

ఎదురుగా విజయవాడ బస్సొకటి ఆగి వెళ్ళింది. దాని వెనకే పేట బస్సొచ్చింది. కండక్టరు పేట, పేట అని అరిచి, వీళ్ళ వైపు ఓసారి చూసి, రైట్ చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఆండాళమ్మ కళ్ళనించి నీళ్ళు బుగ్గల వాపు మీదుగా జారి రుమాల్లోకి పోతున్నాయి. ఆయన తుడవబోతే తల పక్కకి తిప్పి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. కోపం వచ్చిందేమోనని కేశవరావు భయపడ్డాడు. రావాలి కూడా. ముప్పై మూడేళ్ళకి సరిపడా రావాలి.

ఆండాళమ్మ నోట్లో దూదిని నాలికతో ఓ పక్కకి నెట్టింది. లోపల్నుంచి నర్సు, మాట్లాడకూడదమ్మా అని కేకేసింది. ఆవిడ వినిపించుకోలేదు.

"ఇంకోచారి చెప్పండి," అంది. మాట ముద్దగా వచ్చింది. "నిన్నటిది. ఎట్లా వచ్చానో, అది."

కేశవరావు కెమెరా మెళ్ళోంచి తీసి పక్కన పెట్టి, ఎండ ఎడమ పక్కనించి పడిందని మళ్ళీ మొదలుపెట్టాడు.